ఎండల మల్లన్న, మా అప్ప, ఒక శ్లోకం: స్వధర్మం గురించి నేను తప్పు చెప్పిన రోజు



పోయిన వారం వీడియోలో స్వధర్మం గురించి మాట్లాడాను కదా. గీత 3వ అధ్యాయం, 35వ శ్లోకం. 11 నిమిషాల వీడియోలో ఆ శ్లోకానికి దక్కింది రెండు నిమిషాలు. "ఎవరేమనుకున్నా మీ దారి మీరు ఎంచుకోండి, కృష్ణుడు చెప్పింది కూడా అదే" అన్న ధోరణిలో ముగించేశాను. తర్వాత చూసుకుంటే నాకే నచ్చలేదు.

ఎందుకంటే సరిగ్గా ఇదే శ్లోకాన్ని 2019లో మా ఇంట్లోనే ఒక మనిషికి పూర్తిగా తిరగేసి చెప్పాను. అప్పుడు చెప్పింది తప్పు. ఇప్పుడు వీడియోలో చెప్పింది సగం. మిగతా సగం వీడియోలో ఇమడదు, అందుకే ఇక్కడ రాస్తున్నా. కాస్త పొడుగు పోస్టు, తీరిగ్గా చదవండి.

మాది శ్రీకాకుళం జిల్లా, ఉద్దానం. హైదరాబాద్‌లో ఈ పేరు చెప్తే చాలామంది "ఆ కిడ్నీల ఊరా?" అంటారు. మాకు అది ముందు తోటల ఊరు. ఉద్యానం అన్న మాటే ఉద్దానం అయిందంటారు. పలాస స్టేషన్‌లో దిగి సముద్రం వైపు ఎటు వెళ్ళినా కొబ్బరి, జీడి, పనస, మధ్యలో మునగ. వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి... ఇదంతా మా వైపే. మీరు తినే జీడిపప్పులో ఎంతోకొంత పలాస, కాశీబుగ్గ బట్టీల్లో కాలి, అక్కడి ఆడవాళ్ళ చేతుల్లో పగిలి వచ్చినదే అయ్యుంటుంది.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను సరిగ్గా మా తీరం మీదే దాటింది. నేను అప్పుడు హైదరాబాద్‌లో ఉన్నాను. రెండు రోజులు ఎవరి ఫోనూ కలవలేదు. మూడో రోజు ఒక ఫొటో వచ్చింది. మా పెదనాన్న తోట. 30 ఏళ్ళ కొబ్బరి చెట్లు ఒకే వైపుకి పడుకుని ఉన్నాయి, దువ్వెనతో దువ్వినట్టు. జీడి చెట్లు వేళ్ళతో సహా లేచిపోయాయి.

కొబ్బరి చెట్టు పోవడమంటే ఏంటో సిటీలో పుట్టినవాళ్ళకి చెప్పాలి. వరి పోతే ఒక పంట పోతుంది. కొబ్బరి మొక్క మళ్ళీ వేస్తే కాపుకి రావడానికి ఆరేడేళ్ళు పడుతుంది. అందుకే మా వైపు కొబ్బరి చెట్టుని కొడుకుతో సమానంగా చూస్తారు. తిత్లీ తర్వాత మా ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ ఒకటే మాట: "ఇంక ఇక్కడేటుంది, పిల్లల్ని బయటికి పంపీడమే." అసలు అంతకు ముందు నుంచీ అదే కదా. మగపిల్లలు ముంబైకో, గుజరాత్‌కో, అండమాన్‌కో పనికి పోతారు. చదువుకున్నవాళ్ళు వైజాగ్, హైదరాబాద్, బెంగళూరు. మా వైపు సమాజం మన దగ్గర ఆశించేది ఒక్కటే: వెళ్ళిపోవడం. వెళ్ళినవాడే బాగుపడ్డట్టు లెక్క.

ఇప్పుడు మా అప్ప గురించి. మా వైపు అక్కని అప్ప అంటాం. ఈవిడ పెదనాన్న కూతురు, నాకన్నా రెండేళ్ళు పెద్ద. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, మంచి జీతం. చుట్టాల్లో ఎవరింట్లో పిల్లలు చదవకపోయినా ఆమె పేరే చెప్పి తిట్టేవాళ్ళు. 2019 సంక్రాంతికి ఇంటికి వచ్చింది. కనుమ అయ్యాక తిరుగు రైలు ఎక్కలేదు. ఉద్యోగం మానేస్తున్నానని, తోట మళ్ళీ వేస్తానని చెప్పింది.

పెదనాన్నకి అప్పటికే కిడ్నీలు పాడయ్యాయి. వారానికి రెండు సార్లు పలాసలో డయాలసిస్. ఆయన పొగ తాగలేదు, మందు ముట్టలేదు, షుగరు లేదు. మా ఉద్దానంలో ఈ జబ్బు అలాగే వస్తుంది. ఎన్నో బృందాలు వచ్చి నీళ్ళు, మట్టి, రక్తం పట్టుకెళ్ళాయి, కారణం మాత్రం ఇదీ అని ఇప్పటికీ ఎవరూ తేల్చలేదు.

ఇంట్లో గొడవ మొదలైంది. పెళ్ళి కావాల్సిన పిల్ల, కుదరబోతున్న సంబంధం, ఆగిపోయే జీతం. ఎవరు చెప్పినా వినట్లేదని చివరికి నాకు ఫోన్ చేశారు. "నువ్వు దేవుడి వీడియోలు సేస్తావు కదా, నువ్వు సెప్తే ఇంటాది." అప్పటికి మన ఛానల్ మొదలై ఏడాది కూడా కాలేదు. నిజం చెప్పాలంటే నన్ను పెద్దమనిషిని చేసి పిలిచినందుకు లోపల కొంచెం పొంగాను. ఫలక్‌నుమా ఎక్కి వచ్చాను.

పెరట్లో కూర్చోబెట్టి అప్పకి గీత చెప్పాను. "చూడప్పా, స్వధర్మం అంటే నువ్వు ఏ ఇంట్లో పుట్టావో ఆ ఇంటి పట్ల నీ బాధ్యత. కూతురిగా నీ ధర్మం పెద్దవాళ్ళ మాట వినడం. నువ్వు చేస్తానంటున్నది పరధర్మం, అది భయంకరమని భగవంతుడే అన్నాడు." ఇంకా చాలా చెప్పాను, గుర్తొస్తే చెవులు వేడెక్కుతాయి.

అప్ప అంతా విని, "ఐద్రాబాదు నుంచి నాకిది సెప్పడానికొచ్చినావా?" అంది. కోపంగా కాదు. తర్వాత, "ఎలాగూ వచ్చినావు, రేపు సోమవారం. రవివలస ఎళ్ళొద్దాం పద" అంది.

రవివలస టెక్కలికి ఐదారు కిలోమీటర్లు. అక్కడి స్వామి ఎండల మల్లికార్జునుడు. మీరెప్పుడైనా చూశారో లేదో, అక్కడ ఎత్తైన శివలింగం ఉంటుంది, దాని మీద కప్పు ఉండదు. ఎండకి ఎండుతూ, వానకి తడుస్తూ ఆరుబయటే ఉంటాడు స్వామి. అందుకే ఎండల మల్లన్న.

స్థలపురాణం ఇలా చెప్తారు. లంకలో యుద్ధం అయిపోయాక రాముడు పరివారంతో తిరిగి వస్తూ ఇక్కడి సుమంచ పర్వతం దగ్గర ఆగాడట. ఆ చుట్టుపక్కల జనం రోగాలతో బాధపడుతున్నారు. కొండ నిండా మూలికలున్నాయి. వైద్యుడైన సుషేణుడు అక్కడే ఉండిపోయి వాళ్ళకి వైద్యం చేశాడు, తపస్సు చేశాడు. మిగతావాళ్ళందరూ అయోధ్యకి వెళ్ళిపోయారు. కొంతకాలానికి రాముడు హనుమంతుణ్ణి పంపి యోగక్షేమాలు కనుక్కురమ్మన్నాడు. హనుమంతుడు వచ్చేసరికి సుషేణుడు దేహం వదిలేసి ఉన్నాడు. ఆ దేహం మీద జింక చర్మం కప్పి, మల్లెపూలు ఉంచి వెళ్ళి రాముడికి చెప్పాడు. రాముడు వచ్చి చర్మం తీసి చూస్తే అక్కడ శివలింగం ఉంది. మల్లికలు, అజినం, అంటే జింక చర్మం. మల్లికాజినుడే మల్లికార్జునుడు అయ్యాడంటారు. తర్వాతి కాలంలో జమీందారు గుడి కట్టిస్తే అది నిలవలేదని, స్వామి కలలో కనిపించి తనకు కప్పు వద్దన్నాడని, తన మీదుగా వచ్చే గాలి తగిలితే జనానికి రోగాలు పోతాయని మా మామ్మ చెప్పేది.

వాల్మీకి రామాయణంలో సుషేణుడు వానర వీరుడు, తారకి తండ్రి. యుద్ధకాండలో ఏ కొండ మీద ఏ ఓషధి దొరుకుతుందో హనుమంతుడికి ఆయన కూడా చెప్తాడు. తులసీదాసు దగ్గరికొస్తే ఆయన లంకలోని వైద్యుడు. రవివలస కథ వాల్మీకంలో వెతికితే దొరకదు. ఇది మా ఊరి రామాయణం.

జనవరి అయినా మధ్యాహ్నం ఎండ గట్టిగానే ఉంది. కాళ్ళ కింద నేల చురుక్కుమంటోంది. అప్ప నీళ్ళు పోసి వచ్చి నా పక్కన నిలబడి అడిగింది: "సుషేణుడికి కిష్కింధలో కూతురుంది కదరా. అల్లుడి ఇల్లంటే రాజుగారిల్లు. గెలిచినోళ్ళందరూ పట్టాభిషేకానికి ఎళ్తుంటే ఈయనొక్కడే ఇక్కడ ఆగిపోనాడు. ఆల ఇంట్లో ఒక్కరైనా ఏటీ అనుండరంటావా?"

నవ్వొచ్చింది. సమాధానం మాత్రం రాలేదు. ఆ రాత్రే తిరుగు రైలు ఎక్కేశాను. ఫోన్ చేసిన చుట్టాలకి "వినట్లేదు" అని చెప్పాను. నేనే విని వచ్చానని చెప్పలేదు.

మళ్ళీ శ్లోకం దగ్గరికి

హైదరాబాద్ వచ్చాక ఆ శ్లోకాన్ని మళ్ళీ చదివాను, ఈసారి వ్యాఖ్యానాలు పక్కన పెట్టుకుని. మీకు ఉపయోగపడతాయనుకున్నవి చెప్తాను.

ముందు, ఇది ఎవరికి చెప్పిన మాట? అర్జునుడికి. అతనికి ఆ క్షణంలో ఏం చెయ్యాలనుంది? యుద్ధం వదిలేసి వెళ్ళిపోవాలనుంది. రెండో అధ్యాయంలోనే అంటాడు, గురువుల్ని చంపేకన్నా భిక్షమెత్తుకుని బతకడం మేలని. అంటే, మనం ఈరోజు "నా మనసు చెప్పిన దారి" అంటామే, అర్జునుడు పట్టబోయిందీ అలాంటిదే. పైగా చూడ్డానికి ఎంతో గొప్పగా కనిపించే దారి! కృష్ణుడు దాన్నే వద్దన్నాడు. కాబట్టి "నీకు నచ్చింది చెయ్యి, గీత నీ వెనకుంది" అని నేను పోయిన వారం చెప్పింది చెల్లదు.

అలాగని "పెద్దలు చెప్పిందే స్వధర్మం" అని పెరట్లో చెప్పింది కూడా చెల్లదు. అర్జునుడికి ఎదురుగా నిలబడ్డది ఎవరు? తాత, గురువు. అక్కడ పెద్దల మాటే ధర్మం అయితే గీత రెండో శ్లోకం దగ్గరే అయిపోయేది.

ఇక్కడ మీలో కొందరు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. స్వధర్మం అంటే కులవృత్తి చేసుకోమనడమే కదా? నిజమే, పూర్వ వ్యాఖ్యాతలు ఎక్కువగా వర్ణాశ్రమ ధర్మాన్నే దృష్టిలో పెట్టుకుని చెప్పారు, దాన్ని దాచనక్కర్లేదు. అయితే అందరూ అన్ని చోట్లా అలాగే చదవలేదు. రామానుజులు 3వ అధ్యాయంలోని ఈ శ్లోకానికి అర్థం చెప్తూ దేహంతో ఉన్న మనిషికి సహజమైన కర్మయోగమే స్వధర్మం, కష్టమైన జ్ఞానయోగం పరధర్మం అంటారు. శ్లోకం మొదటి సగం 18వ అధ్యాయంలో 47వ శ్లోకంగా మళ్ళీ వస్తుంది. అక్కడ రెండో సగంలో స్వభావం అన్న మాట చేరుతుంది. నీ స్వభావం నుంచి పుట్టిన పని. నేను పట్టుకుని నిలబడేది ఆ మాట మీద.

ఇంకో మాట. ఇన్నేళ్ళూ నేను చదివి దాటేసినది: విగుణం. స్వధర్మం విగుణమైనా సరే మేలు అంటాడు. విగుణం అంటే లోపాలున్నది, సరిగ్గా కుదరనిది. పరధర్మం ఎంత చక్కగా చేసినా సరే అని దానికి ఎదురుగా పెడతాడు. అంటే నీ దారి చక్కగా సాగుతుందని కృష్ణుడు ఎక్కడా మాటివ్వలేదు. బాగా సాగకపోవచ్చు అని ముందే చెప్పి, అయినా అదే మేలంటున్నాడు. మన మోటివేషన్ వీడియోలు, నావి కూడా కలిపే, సరిగ్గా దీన్నే దాస్తాయి. ఉద్యోగం మానేసినవాడి కథ చెప్పి, ఐదో నిమిషంలో వాడి టర్నోవర్ చెప్తాం. టర్నోవర్ లేకపోతే ఆ దారి తప్పయిపోతుందా?

టెక్కలి నుంచి ఇంకొంచెం ముందుకి వెళ్తే

టెక్కలి మీదుగా ఒక రైలు మార్గం కొండల వైపు పోతుంది. నౌపడ దగ్గర మొదలై 1900 నాటికి పర్లాకిమిడి చేరిన చిన్న రైలు, ఇప్పుడు బ్రాడ్‌గేజ్ అయి గుణుపూర్ దాకా వెళ్తుంది. ఆ పర్లాకిమిడిలోనే, ఇంకా రైలు రాని రోజుల్లో, 1880లో ఒక పదిహేడేళ్ళ కుర్రాడు రాజావారి బడిలో పంతులుగా చేరాడు. గిడుగు వెంకట రామమూర్తి. పుట్టింది శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో, 1863 ఆగస్టు 29న. ఆ తేదీనే మనం తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం.

తండ్రి లేని బ్రాహ్మణ కుర్రాడు, రాజుగారి బడిలో ఉద్యోగం. బుద్ధిగా పాఠాలు చెప్పుకుంటే చాలు, జీవితం నీడలో గడిచిపోతుంది. ఆయన చూపు మాత్రం కొండల మీది సవరల వైపు పోయింది. వాళ్ళ భాషకి లిపి లేదు, పుస్తకం లేదు. రెండు భాషలూ వచ్చిన ఒక సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని నేర్చుకున్నాడు. వాచకాలు రాశాడు, సొంత డబ్బుతో బడులు పెట్టాడు. ఆ భాష వ్యాకరణం 1931లో మద్రాసు ప్రభుత్వం అచ్చువేసింది, తర్వాత నిఘంటువు కూడా. పని మొదలుపెట్టాక అచ్చు చూడటానికి ఎన్ని దశాబ్దాలు పట్టిందో లెక్కేసుకోండి.

ఆ మధ్యలో జరిగింది చెప్తాను. మన్యంలో తిరిగి తిరిగి చలిజ్వరం పట్టుకుంది. జ్వరానికి క్వినైన్ మింగీ మింగీ చెవులు పోయాయి. మనుషులు నోటితో మాట్లాడే మాటే భాష అని జీవితమంతా వాదించిన మనిషికి ఆ మాట వినపడకుండా పోయింది! విగుణం అన్న మాట చదివినప్పుడల్లా నాకు ఇది గుర్తొస్తుంది. జయంతి రామయ్య పంతులు లాంటి పెద్ద పండితులు గ్రాంథికం వైపు నిలబడి వాదిస్తుంటే, ఆ చెవులతోనే ఊరూరా తిరిగి వాడుక భాష కోసం పోరాడాడు. ఈ పోస్టు నేను ఇలా రాయగలుగుతున్నానంటే అందులో ఆయన వాటా ఉంది.

ఇంకొకటి. 1936లో ఒరిస్సా ఏర్పడి పర్లాకిమిడి అందులో కలిసినప్పుడు, యాభై ఏళ్ళకి పైగా బతికిన ఆ ఊరు వదిలేసి రాజమండ్రి వచ్చేశాడు. కాబట్టి ఉండిపోవడమే స్వధర్మం, వెళ్ళిపోవడం కాదు అని కూడా అనుకోకండి. ఒకే మనిషి జీవితంలో ఒకప్పుడు ఉండటం, ఇంకొకప్పుడు వెళ్ళడం.

అప్ప తోట

అప్ప ఆ ఏడాది వర్షాలకి కొబ్బరి మొక్కలు వేసింది, మధ్యలో జీడి. సంబంధం పోయింది. "ఉద్యోగం ఉన్న పిల్లని అడిగాం గానీ తోట పిల్లని కాదు" అన్నారట అవతలివాళ్ళు. మొదటి రెండేళ్ళు చేతికి ఏమీ రాలేదు.

2021లో పెదనాన్న పోయారు. పదో రోజు భోజనాల దగ్గర ఎవరో అన్నారు, ఆ జీతం ఉండుంటే పెద్ద ఆసుపత్రిలో పెట్టి ఇంకొన్నాళ్ళు బతికించుకునేవాళ్ళు కదా అని. అప్ప ఏమీ అనలేదు, వడ్డన ఆపలేదు కూడా. రాత్రి అరుగు మీద నన్ను అడిగింది: "నిజమేనేమోరా?"

నా దగ్గర శ్లోకం లేదు. ఇప్పటికీ లేదు. వారానికి రెండు సార్లు ఆయన్ని బండి మీద పలాస తీసుకెళ్ళి, నాలుగు గంటలు పక్కన కూర్చుని తెచ్చింది ఆమే. బెంగళూరులో ఉంటే అది కుదిరేది కాదు. అలాగే, డబ్బుంటే ఏం జరిగేదో ఎవరికీ తెలియదు. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబరులో మొదలైంది. పెదనాన్న పోయిన రెండేళ్ళకి.

పోయిన నెల ఈ పోస్టు రాస్తానని చెప్పి అప్పని అనుమతి అడిగాను. పేరు, ఊరు రాయొద్దంది, సరే అన్నాను. ఇంకోటి కూడా అంది, ఇది మాత్రం తప్పకుండా రాయమంది. వాళ్ళ తమ్ముడు, అంటే నాకూ తమ్ముడే, 2017 నుంచి గుజరాత్‌లో పని చేస్తున్నాడు. ఊళ్ళో అందరూ ఎలా వెళ్ళారో అలాగే వెళ్ళాడు. వాడి దారి గురించి ఎవరూ వీడియో చెయ్యరు. "మొదటి మూడేళ్ళు మొక్కలకి, బోరుకి, ఇంటికి డబ్బు పంపింది వాడేరా. నేను నా దారి నేను ఎంచుకున్నానంటే, దానికి కూలి కట్టింది వాడు. అది రాయకపోతే నా గురించేటీ రాయకు."

మెసేజీలు పెట్టేవాళ్ళలో చాలామంది అడుగుతుంటారు, ఇంట్లో వద్దంటున్నారు, నేను నా దారిలో వెళ్ళొచ్చా అని. వెళ్ళొచ్చా లేదా అని నేను చెప్పలేను. 18వ అధ్యాయం చివర్లో కృష్ణుడు కూడా అంతా చెప్పాక, పూర్తిగా ఆలోచించుకుని నీ ఇష్టప్రకారం చెయ్యమని అర్జునుడికే వదిలేస్తాడు. నేనెంత? కానీ మీ దారికి కూలి ఎవరు కడుతున్నారో వాళ్ళ పేర్లు ఒక కాగితం మీద రాసుకోండి. అమ్మ పేరు ఉంటుందా, అన్న పేరు ఉంటుందా, మీకు రాబోయే భార్యో భర్తో ఉంటారా. వాళ్ళతో ఒకసారి కూర్చుని మాట్లాడండి. చుట్టాలతో కాదు, ఆ కాగితం మీద ఉన్నవాళ్ళతో.

ఈ మధ్యే ఒక సోమవారం నేనూ అప్పా మళ్ళీ రవివలస వెళ్ళాం. మీరెవరైనా వెళ్ళాలనుకుంటే, పలాస నుంచి టెక్కలికి బస్సులు ఉంటాయి, అక్కడి నుంచి ఆటో. కార్తీక సోమవారాలు, శివరాత్రికి బాగా రద్దీ, ముసలివాళ్ళని తీసుకెళ్తే వేరే రోజు చూసుకోండి. పొద్దున్నే వెళ్ళండి. చెప్పులు లేకుండా మధ్యాహ్నం ఎండలో నిలబడటం కష్టం, నేను రెండు సార్లూ అదే పొరపాటు చేశాను.

2019లో వేసిన మొక్కల్లో రెండు మూడింటికి కాపు మొదలైంది. అప్ప అందులోంచి ఒక కాయ సంచిలో తెచ్చింది. చిన్నది, నీళ్ళు కూడా పెద్దగా లేవు. స్వామి దగ్గర కొట్టించి ఒక చిప్ప అక్కడే ఉంచింది, రెండోది టెక్కలిలో బస్సు వచ్చేలోపు ఇద్దరం తినేశాం.